సీలుకి నీళ్లు కట్టమన్నారు

మా పనిలో "పాపం, ఎవరేం చెప్పినా నమ్మేస్తాడు" అని పేరున్న మనిషి పక్కన నేను నిలబడేవాణ్ని కాదు. ఆయన ఎంత మంచివాడైనా సరే. భిలాయ్ ఉక్కు ప్లాంటులో గ్యాసు భద్రత చూసే విభాగంలో డెబ్బైలూ ఎనభైలూ గడిపాను. నా వెనకాల నన్ను "షక్కీ రావు" అనేవారు, అనుమానాల రావు అని. మొదట్లో ఒళ్లు మండేది. పోనుపోను అది నా ఉద్యోగం పేరే కదా అని సరిపెట్టుకున్నాను.

ఇంట్లోనూ ఇదే వరస. సెక్టర్ 2 క్వార్టర్లో గుమ్మం దాటగానే ముక్కు ఎగబీల్చి చూసేవాణ్నట. "ఏటండీ, పోపు మీద కూడా అనుమానమేనా? మీకు అన్నం పెట్టడం కంటే పరీక్ష రాయడం నయం" అని మా ఆవిడ సత్యవతి దెప్పేది. ఆవిడది విజయనగరం. నాదీ అటువైపే.

ఇప్పుడు ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలు కొందరు గోదావరి జిల్లాల వైపు సహజవాయువు బావుల దగ్గర పనికి కుదురుతున్నారు. వెళ్లేముందు వచ్చి, "అంకుల్, కుఛ్ బతాయియే" అని, ఏదైనా చెప్పమని కూర్చుంటారు. తెలుగు రాదని కాదు, నోరు తిరగదు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు. అవి నాకే సరిగా గుర్తులేవు.

ముక్కుకి సెలవు

బొగ్గుని గాలి తగలకుండా పెద్ద పొయ్యిల్లో కాల్చి కోక్ చేస్తారు. అప్పుడు ఒక గ్యాసు వస్తుంది. దానికి ఘాటైన వాసన ఉంటుంది. ఇనుము కరిగించే కొలిమి నెత్తి మీద నుంచి ఇంకొక గ్యాసు వస్తుంది. దీనికి వాసనా లేదు, రంగూ లేదు. నిండా కార్బన్ మోనాక్సైడ్. మొదట తలనొప్పి అనిపిస్తుంది, తరవాత మోకాళ్లలో సత్తువ పోతుంది. పారిపోవాలని తెలుస్తూనే ఉంటుంది, కాళ్లు మాత్రం కదలవు.

నా మొదటి పైఅధికారి ఒక పంజాబీ పెద్దమనిషి. చేరిన రోజున నేను ఒక లైను దగ్గర నిలబడి గాలి పీల్చి, "వాసనేం లేదు సార్" అన్నాను. ఆయన నన్ను మెడ పట్టుకున్నంత పని చేసి వెనక్కి లాగాడు. "రావ్, నాక్ కో ఛుట్టీ దే దో" అన్నాడు. నీ ముక్కుకి సెలవిచ్చెయ్ అని. పరీక్ష గొట్టం రంగు మారిందా లేదా, అదొక్కటే చూడమన్నాడు. గొట్టం ఒకసారి మారలేదంటే ఇంకో గొట్టంతో చూడమన్నాడు. ఆయన చెప్పినవాటిలో నేను అనుమానించని మాట అదొక్కటే.

మీరు వెళ్లే సహజవాయువుకీ భూమిలోంచి వచ్చినప్పుడు వాసన ఉండదు. వంటింటి గ్యాసులో వచ్చే వాసన మనం కలిపింది. ఈ సంగతి తెలిసి కూడా బావి దగ్గర ముక్కుతో పని చేసేవాళ్లు మీకు తగులుతారు. పెద్ద అనుభవజ్ఞులుగా కనిపిస్తారు. దూరంగా ఉండండి.

పైన మంట, కింద మసి

ఈ గ్యాసులే ప్లాంటుకి వంటచెరుకు. ఉక్కు దిమ్మల్ని కాల్చే కొలుములకీ, కరెంటు పుట్టించే బాయిలర్లకీ ఇవే మంట. వాడగా మిగిలింది ఎత్తయిన గొట్టం మీద వెలిగించి ఊరికే మండించేస్తారు. సాయంత్రమైతే ఆకాశం నారింజ రంగుకి తిరిగేది. చుట్టాలొస్తే డాబా ఎక్కించి చూపించేవాళ్లం. అది తగలబడిపోతున్న ఇంధనమని ఎవరికీ తోచేది కాదు. డెబ్బైల్లో చమురు ధర మండిపోయాక మా పెద్దలకి హఠాత్తుగా గ్యాసు మీద ప్రేమ పుట్టింది. "మంట తగ్గించండి, ఒక్క ఊపిరి కూడా వృథా కాకూడదు" అన్నారు. గాలి బాగుపడాలని కాదు లెండి. అయినా మంట చిన్నదయింది, అదే పదివేలు.

కోక్ పొయ్యిల మసి సంగతి వేరు. ప్లాంటు వైపు నుంచి గాలి తిరిగిన రోజున సత్యవతి ఆరేసిన తెల్ల పంచెల మీద నల్లటి చుక్కలు పడేవి. ఒక అధికారి మా ఇంటికి టీకి వచ్చినప్పుడు ఆవిడ పంచె తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన చూసి, అది రైలింజన్ల పొగ అన్నాడు. "రైలు మా డాబా మీంచి పోతందేటండీ?" అని అడిగింది ఆవిడ. ఆయన టీ తాగి వెళ్లిపోయాడు. మసి ఎక్కడిదో చెప్పే అధికారిని నేను రిటైరయ్యేదాకా చూడలేదు.

సహజవాయువు శుభ్రమైన ఇంధనం అని మీకు పాఠాల్లో చెబుతారు. మండితే నిజమే, బొగ్గు కంటే చాలా నయం, మసి ఉండదు. కానీ మండకుండా లైన్లోంచి కారిపోయిన గ్యాసు సంగతి అడగండి. అది గాల్లో కలిసి భూమిని వేడెక్కిస్తుందని ఇప్పుడంటున్నారు. "శుభ్రం" అన్నవాడి దగ్గర "ఎక్కడెక్కడ కారుతోంది?" అని అడిగితే మొహం ఎలా పెడతాడో చూడండి. నాకు ఆ మొహమే జవాబు.

ధనీరామ్ పడిపోయిన రోజు

ఇంక అసలు సంగతి. దీన్నుంచి నేర్చుకున్నది నేను ఇంకెక్కడా నేర్చుకోలేదు.

గ్యాసు లైను మరమ్మతు చెయ్యాలంటే ముందు గ్యాసుని ఆపాలి. వాల్వు బిగిస్తే చాలదు. ఎంత బిగించినా వాల్వు కొద్దిగా వదులుతూనే ఉంటుంది. అందుకని లైనుకి ఒక పెద్ద వంపు ఉంటుంది. దాన్ని నీళ్లతో నింపితే గ్యాసు దాటలేదు. సింకు కింద వంపు గొట్టంలో నీళ్లు నిలిచి కాలవ వాసన పైకి రాకుండా ఆపుతాయి చూడండి, అదే పని. దాన్ని మేం సీలు అనేవాళ్లం. సీల్లో నీళ్లు కొద్దికొద్దిగా కారిపోతుంటాయి కాబట్టి కింద కాక్ తిప్పి నీళ్లు వదులుతుంటాం. సీలు నిండితే పక్కనున్న సన్న గొట్టం లోంచి నీళ్లు పొంగి కారుతూ ఉంటాయి. ఆ కారడం ఆగిందంటే లోపల నీళ్లు తగ్గుతున్నాయన్నమాట.

ఆ రోజు పగటిపూట ఒక లైను ఆపి, సీలు నింపి, ఆవిరితో గ్యాసుని తరిమి, మా విభాగం పరీక్ష చేసి పనికి అనుమతిచ్చింది. పైన ప్లాట్‌ఫాం మీద ఫోర్‌మన్ వెంకటరత్నంగారు. ఆయనతో పైపు జాయింటు విప్పుతున్న ఫిట్టర్ ధనీరామ్, నందిని గనుల పక్క పల్లెవాడు. కింద నీళ్ల కాక్ దగ్గర ఆపరేటర్ సింహాచలం. భోజనాలయ్యాక పని మళ్లీ మొదలుపెట్టిన కొంతసేపటికి ధనీరామ్ చేతిలోంచి పానా జారి కింద పడింది. దాని వెనకే ధనీరామ్ జాయింటు మీదకి ఒరిగిపోయాడు. పక్కవాళ్లు ముసుగులు తగిలించుకుని లాగి కిందకి దించారు. మేం పరుగున వెళ్లి చూస్తే సీలు సగం ఖాళీ. నీళ్ల కాక్ బిగించి ఉంది.

ధనీరామ్ బతికాడు. కానీ చేతులకి వణుకు పట్టుకుంది. పానా పట్టుకోలేని ఫిట్టర్‌ని ఏం చేస్తారు, తరవాత గేటు దగ్గర కూర్చోబెట్టారు. ఆసుపత్రిలో చూడ్డానికి వెళ్తే ఒక్క మాటే అడిగాడు. "సాహబ్, సీల్ మ పానీ రహిస్ కా?" సీల్లో నీళ్లున్నాయా అని. నాకు ఏడుపొచ్చింది.

ఇద్దరూ ఒట్టేశారు

విచారణకి వేరే విభాగం నుంచి సక్సేనాగారు అధ్యక్షుడిగా వచ్చారు. లక్నో మనిషి, మెత్తటి మాట, గట్టి బుర్ర. నేను సభ్యుణ్ని. మాటలన్నీ హిందీలో నడిచాయి.

వెంకటరత్నంగారు, "నీళ్ల పొంగు సన్నబడింది. సీలుకి నీళ్లు వదలమని నేనే పైనుంచి అరిచి చెప్పాను" అన్నారు. సింహాచలం, "నీళ్లు బంద్ చెయ్యమని ఆయనే చెప్పాడు సాబ్, చేశాను" అన్నాడు. ఒకాయన పిల్లల మీద ఒట్టేశాడు. ఇంకొకడు కడుపుతో ఉన్న పెళ్లాం మీద వేశాడు. ఎవరో ఒకరు అబద్ధం ఆడుతున్నారు. అంతకంటే ఏమనుకుంటాం?

ఇక క్యాంటీన్లో కథలే కథలు. సింహాచలం భోజనం చేసి కునుకు తీశాడని కొందరు. కాదు, కావాలనే కట్టేశాడని కొందరు. వెంకటరత్నంగారు కృష్ణా డెల్టా మనిషి, ఊళ్లో పొలం ఉంది, ఏటా వెళ్లి కౌలు చూసుకొస్తాడు. మా శ్రీకాకుళం, విజయనగరం యాసంటే ఆయనకి వేళాకోళం. "ఏటి, గీటి అంటావేంట్రా, తెలుగు మాట్లాడు" అని సింహాచలాన్ని నలుగురిలో ఎగతాళి చేసేవాడు. ఆ కక్షతో చేశాడేమోనని నాకూ అనిపించింది. మళ్లీ, రిటైర్మెంటు దగ్గరపడ్డ ఫోర్‌మన్ తన తప్పుని కింది వాడి నెత్తిన రుద్దుతున్నాడేమోనని కూడా అనిపించింది. రెండిటికీ అవకాశం ఉంది.

కావాలనే చేశాడని తేలితే సింహాచలం ఉద్యోగం పోవడమే కాదు, పోలీసు కేసు. సక్సేనాగారు అటే మొగ్గుతున్నట్టు నాకు కనబడింది. రిపోర్టుకి ఒక పేరు కావాలి. రెండు పేర్లున్నప్పుడు చిన్న పేరు రాయడం సులువు. ఇది ఆయనొక్కడి గుణం కాదు, నేను కూర్చున్న ప్రతి విచారణలోనూ చూశాను.

ఏ భాషలో?

ఒక సాయంత్రం విచారణ నుంచి ఇంటికి నడుస్తుంటే నాకు తట్టింది. ఆ ఇద్దరూ మాతో హిందీలో చెప్పారు సరే. ఆ రోజు ఒకళ్లతో ఒకళ్లు హిందీలో మాట్లాడుకుని ఉండరు కదా. తెలుగువాళ్లిద్దరు, పైనుంచి కిందకి ఒక కేక. ఆ కేక ఏ భాషలో వేశారని మేం ఎవరం అడగలేదు.

ముందు వెంకటరత్నంగారి ఇంటికెళ్లాను. "మీ నోట ఏ మాట వచ్చిందో అదే చెప్పండి, తెలుగులో" అన్నాను.

"ఏముందండీ. 'సీలుకి నీళ్లు కట్టరా' అన్నాను. పసిపిల్లాడికైనా అర్థమవుతుంది. వాడికి అర్థం కాలేదంటే నేను నమ్మను" అన్నారు ఆయన.

నాకూ అందులో వింతేం కనబడలేదు. వరిమడికి నీళ్లు కట్టడం నేనూ ఎరుగుదును. అక్కణ్నుంచి సింహాచలం ఉండే మరోదా బస్తీకి వెళ్లాను. సింహాచలం నన్ను చూసి కంగారుపడి, "రండి బాబూ, రండి. కుర్సీ ఎయ్యే నీలమ్మా" అన్నాడు భార్యతో. కూర్చోకుండానే అదే ప్రశ్న వేశాను.

"సీలుకి నీళ్లు కట్టరా అన్నారు బాబూ. ఎంటనే కట్టీసినాను."

"కట్టీసినాను అంటే?"

"అంటే ఏటి బాబూ? కట్టీడమే. కాకు తిప్పీసి బిగించీసినాను. కింద నీళ్లు పోయి బురద బురదగా ఉంది. మనుషులు జారిపడతారని కట్టమన్నారనుకున్నాను."

సరిగ్గా అప్పుడే నీలమ్మ వీధి కుళాయి వైపు చూసి, "ఆ కుళాయి కట్టీ అప్పా, నీళ్లు పోతన్నాయి" అని పక్కింటావిడ మీద కేకేసింది. ఆవిడ వెళ్లి కుళాయి బిగించింది. మా ఇంట్లో సత్యవతి రోజుకి ఎన్నిసార్లు అంటుందో ఆ మాట. ఫ్యాను కట్టీ, లైటు కట్టీ, కుళాయి కట్టీ.

ఒకే మాట. చేనుకి కడితే నీళ్లు పారతాయి, కుళాయి కడితే ఆగిపోతాయి. రెండు అర్థాలూ తెలిసినవాణ్ని కాబట్టే నాకు ఇన్నాళ్లూ తట్టలేదు.

అయినా నేను షక్కీ రావునే కదా. ఇద్దరూ కలిసి అల్లిన కథేమోనని దారిలో ఆలోచించాను. అల్లుకునేవాళ్లే అయితే విచారణలో ఒకరి మాట ఒకరు కాదని ఒట్లు వెయ్యరు. మొదటిరోజే ఈ కథ చెప్పి ఇద్దరూ బయటపడేవాళ్లు. అది ఆలోచించుకున్నాకే నాకు రాత్రి అన్నం సహించింది.

సక్సేనాగారి పరీక్ష

మర్నాడు ఈ సంగతి సక్సేనాగారికి చెప్పాను. "రావ్, తుమ్ ఆంధ్రావాలే ఆపస్ మే మిల్ గయే క్యా?" అన్నారు. మీ ఆంధ్రావాళ్లంతా ఒకటైపోయారా అని. నాకు కోపం రాలేదు. ఆయన స్థానంలో నేనున్నా అదే అడిగేవాణ్ని. ఆయన మీద మొదటిసారి గౌరవం కలిగింది.

"మీరే పిలిపించండి. మీకు నచ్చిన తెలుగువాళ్లని. నేను నోరెత్తను" అన్నాను.

ఆయన స్టోర్స్ నుంచి ఒక గుమాస్తాని పిలిపించారు, తెనాలి వైపు మనిషి. క్యాంటీన్ నుంచి పలాస వైపు మనిషిని ఒకణ్ని పిలిపించారు. ఒకరి వెనక ఒకరిని గదిలోకి రానిచ్చి, "నీల్లూ కట్టూ, మత్‌లబ్ క్యా?" అని అర్థం అడిగారు. గుమాస్తా తడుముకోకుండా, "ఖేత్ మే పానీ ఛోడ్నా సాబ్" అన్నాడు. పొలానికి నీళ్లు వదలడం. క్యాంటీన్ మనిషి మూలనున్న వాష్ బేసిన్ వైపు చూసి, "నల్ బంద్ కర్నా సాబ్. బంద్ కర్ దూఁ?" అని, కుళాయి బిగించడానికి నడవబోయాడు.

సక్సేనాగారు నవ్వలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని, వెంకటరత్నంగారినీ సింహాచలాన్నీ కలిపి కూర్చోబెట్టారు. ఆయనకింకా ఒక ముల్లు మిగిలింది. సింహాచలాన్ని హిందీలో అడిగారు. "నువ్వూ తెలుగువాడివే. నీ మాతృభాష. పొలం అర్థం నీకు తెలీదంటే ఎలా నమ్మను?"

సింహాచలం వెంకటరత్నంగారి వైపు తిరిగి తెలుగులో అన్నాడు. "మాకు మడిచెక్క ఉంటే మా అయ్య ఇక్కడికొచ్చి తట్ట మోస్తాడా బాబూ? నన్ను సంకనేసుకుని వచ్చీసినాడు. నాకు తెలిసిన నీళ్లు కుళాయిలో నీళ్లే. మీ పొలం మాట నాకెవులు సెప్పినారు?"

"క్యా బోలా?" అని సక్సేనాగారు నన్ను అడిగారు. నేను నోరు తెరిచేలోపల వెంకటరత్నంగారు లేచి నిలబడ్డారు. ఆయన హిందీ అంతంతమాత్రం. అయినా సింహాచలం అన్న ప్రతి మాటా ఆయనే ఆగి ఆగి హిందీలో చెప్పారు. తట్ట అన్న మాటకి హిందీ తెలియక రెండు చేతులూ నెత్తి మీద పెట్టి చూపించారు. చివర, "ఇస్ కో మత్ నికాలియే. పానీ ఆయా కి నహీఁ, దేఖ్‌నా మేరా కామ్ థా" అన్నారు. ఇతన్ని పనిలోంచి తియ్యకండి, నీళ్లు వచ్చాయో లేదో చూసుకోవడం నా పని అని.

ఆ చివరి మాటే నేను మీకు చెప్పదలచుకున్నది. చెప్పడం పని కాదు. వినడం కూడా పని కాదు. నీళ్లు పొంగు గొట్టంలోంచి కారడం పని. చెప్పాను కదా, విన్నాడు కదా అనుకున్న జాగాలోనే గ్యాసు దూరుతుంది.

సింహాచలం ఉద్యోగం నిలిచింది. వెంకటరత్నంగారికి ఇంక్రిమెంటు కోశారు, ఆయన పేచీ పెట్టలేదు. ఇకపై గ్యాసు పనిలో ఆదేశాలన్నీ హిందీలోనే ఇవ్వాలని ఒక కాగితం కూడా వచ్చింది. నాకు దాని మీదా అనుమానమే. సక్సేనాగారి లక్నో హిందీ, ధనీరామ్ పల్లె మాట ఒకటేనని ఎవరు చెప్పారు?

తరవాత కొంతకాలానికి అదే లైను మళ్లీ ఆపాల్సి వచ్చింది. పైన వెంకటరత్నంగారు, కింద సింహాచలం. సీలు నింపే సమయానికి వెంకటరత్నంగారు కాగితంలో రాసినట్టే, "పానీ ఖోలో" అని అరిచారు. తరవాత కమ్మీ మీంచి వంగి, "ఒరే సింహాచలం, నీళ్లు వదలడాన్ని మీ ఇంట్లో ఏమంటార్రా?" అని అడిగారు.

"ఒగ్గడం అంతాం బాబూ."

"అయితే నీళ్లొగ్గరా" అన్నారు ఆయన.

"ఒగ్గినాను బాబూ."

వెంకటరత్నంగారు ఆ మాట నమ్మలేదు. నిచ్చెన దిగి వచ్చి, పొంగు గొట్టం కింద చెయ్యి పెట్టి, నీళ్లు అరచేతిలో నిండి మోచేతి దాకా కారేవరకూ అలాగే నిలబడ్డారు. సింహాచలం కోపం తెచ్చుకోలేదు, పక్కకి జరిగి ఆయనకి చోటిచ్చాడు. అప్పుడు గానీ ఆయన పైనున్న కొత్త ఫిట్టర్‌కి పని మొదలుపెట్టమని చెయ్యి ఊపలేదు.